కంప్యూటరు చిట్కాలు : గుణదోష విచారణ

తెలుగు ఇండ్లలో చిట్కా అనగానే మొదట తలపునకు వచ్చునది వైద్యము. జలుబునకు మిరియాల కషాయము, అజీర్ణమునకు వాము, కాలిన చోట ఏదో యొక పూత. వీనిలో కొన్ని నిజముగా మేలు చేయును. కొన్నిటి విషయములో రోగము తనంతట తానే తగ్గును. పేరు మాత్రము చిట్కాకు దక్కును. మరికొన్ని కీడు చేయును. ఏది ఏ తరగతికి చెందినదో తెలియవలెనన్నచో కారణమును విచారింపక తప్పదు.

ఇరువదియొకటవ శతాబ్దమున ఈ మాట కంప్యూటరునకు కూడ అంటుకొన్నది. దినపత్రికల అనుబంధములలోను, చిన్న పుస్తకములలోను, ఇటీవల వీడియోలలోను కంప్యూటరు చిట్కాలు కోకొల్లలుగా వెలువడుచున్నవి. వీనిలో అధిక భాగము ఆపరేటింగ్ సిస్టమునకు సంబంధించినవి. ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రములోని మెమొరీని, డిస్కును, తెరను, మీటలను తన అదుపులో ఉంచుకొని తక్కిన ప్రోగ్రాములకు వాటిని పంచి యిచ్చు మూల ప్రోగ్రాము. విండోస్, లినక్స్, మ్యాక్ ఓఎస్ ఇట్టివి. కథను, పద్యమును తూచి చూచుటకు విమర్శకులున్నారు. చిట్కాను తూచి చూచువారు అరుదు. కాని ఉన్నత పాఠశాలలో విద్యార్థి కంప్యూటరు శాస్త్రముగా భావించి మొదట చదువునది తరచుగా ఈ చిట్కాలనే. కనుక వీని గుణదోషములు విచారింపదగినవి.

చిట్కాను పరిహసించుట ఈ విచారణ ఉద్దేశము కాదు. గజపతినగరం, చీపురుపల్లి, శృంగవరపుకోట వైపు పల్లె పాఠశాలలో ఒక కంప్యూటరు మొరాయించినదనుకొందము. మరమ్మతు తెలిసిన మనిషి విజయనగరం నుండియో విశాఖపట్టణము నుండియో రావలసియుండును. అతడు వచ్చు వరకు యంత్రముపై గుడ్డ కప్పి యుంచుటకంటె, ఉపాధ్యాయుడు తానే ఒక ప్రయత్నము చేయుట మేలు. ఆ ప్రయత్నమునకు చిట్కా ఆధారము. కాని తప్పు చిట్కా చేతికి చిక్కినచో, ఒక గంట పనితో బాగుపడగల యంత్రము సంవత్సరము పొడవున మూలపడవచ్చును.

మంచి చిట్కాకు నాలుగు అంగములు

బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణలు చేయుదురు. వీణ మెట్లు మైనముపై నిలిచియుండును. స్వరము తప్పినప్పుడు తెలిసిన పనివాడు వీణనంతటిని విప్పడు. తంతి సడలినదా, మెట్టు కదలినదా, లేక మైనము మెత్తబడినదా యని విని, చూచి, ఒక్కదానిని మాత్రము సరిచేసి మరల మీటి వినును. ఒకేసారి నాలుగింటిని కదిపినచో ఏది తప్పో, ఏది ఒప్పో అతనికే తెలియకుండ పోవును.

కంప్యూటరు విషయములోను ఇదే పద్ధతి. మంచి చిట్కాకు నాలుగు అంగములుండవలెను. మొదటిది లక్షణము: తెరపై ఏమి కనబడినప్పుడు ఈ చిట్కా వర్తించును? రెండవది కారణము: లోపల ఏమి జరిగినందున ఆ లక్షణము కలిగినది? మూడవది క్రియ: ఏమి చేయవలెను, ఏ సిస్టములో, ఏ సంచికలో? నాలుగవది ఉపసంహారము: చేసినది బెడిసినచో పూర్వస్థితికి వచ్చుట ఎట్లు? అచ్చులో కనబడు చిట్కాలలో సాధారణముగా మూడవ అంగమొక్కటే ఉండును. ప్రచారములో నున్న కొన్ని చిట్కాలను ఈ కొలతతో పరీక్షింపవచ్చును.

‘ఆపి మరల వేయండి’

అన్ని చిట్కాలలోను ప్రసిద్ధమైనది ఇది. ఇది మూఢవిశ్వాసము వలె కనబడును గాని, దీని వెనుక దృఢమైన కారణము కలదు. ప్రోగ్రాములు పనిచేయునప్పుడు మెమొరీని అరువు తీసికొనును. కొన్ని లోపముతో వ్రాయబడినవగుటచే తీసికొన్న దానిని తిరిగి ఇయ్యవు. కొన్ని ఒకదాని కొరకు మరొకటి ఎదురుచూచుచు బిగిసిపోవును. యంత్రమును మరల ప్రారంభించినచో ఈ అప్పులన్నియు రద్దయి, ప్రతి భాగమును తెలిసిన తొలి స్థితి నుండి బయలుదేరును.

దీనికి చరిత్రలో చక్కని ఉదాహరణము కలదు. విండోస్ 95, 98 సిస్టములలో యంత్రము ప్రారంభమైన నాటి నుండి గడచిన మిల్లీసెకనులను లెక్కించు ఒక గణకము 32 ద్విసంఖ్యా స్థానములు గలది. అది లెక్కింపగలవి 429,49,67,296 మిల్లీసెకనులు. ఒక దినమునకు 8,64,00,000 మిల్లీసెకనులు. భాగించినచో సుమారు 49.7 దినములు వచ్చును. అన్ని దినములు ఆపకుండ నడపినచో గణకము నిండి సున్నకు తిరిగి, యంత్రము స్తంభించుట కలదని తేలి, 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానికి సవరణ విడుదల చేసినది. ‘నెలకొకసారి ఆపి వేయండి’ అను చిట్కా ఆ యంత్రముల విషయములో కేవలము గణితము.

అయితే ఈ చిట్కా కూడ కాలముతో మారినది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటు ప్రవేశించినది. ఇది అమలులోనున్న యంత్రములలో ‘షట్‌డౌన్’ అన్నప్పుడు సిస్టము తన మూలభాగపు స్థితిని డిస్కుపై వ్రాసి యుంచుకొని, మరల వేయగానే దానినే చదువుకొనును. అనగా పాత చిక్కు కూడ తిరిగి రావచ్చును. ‘రీస్టార్ట్’ అన్నప్పుడు మాత్రమే అంతయు క్రొత్తగా మొదలగును. చూచుటకు రెండును ఒకటే. ఫలితములో భేదము కలదు. ‘మూడుసార్లు ఆపి వేసినను బాగుపడలేదు’ అని విసిగినవారు ఒకసారి ‘రీస్టార్ట్’ నొక్కి చూచుట మంచిది. ఈ భేదమును చెప్పని చిట్కా సగము చిట్కాయే.

‘ఎఫ్ 5 నొక్కినచో వేగము పెరుగును’

కంప్యూటరు గదిలో అడుగుపెట్టిన విద్యార్థి మొదట చేయు పని తెరపై మౌసుతో ‘రిఫ్రెష్’ అని పదిసార్లు నొక్కుట. దీనివలన యంత్రము చురుకగునను నమ్మకము బలముగా వ్యాపించినది. వాస్తవమునకు ఆ మీట చేయు పని, తెరపైనున్న పట్టికను మరల చదివి చిత్రించుట మాత్రమే. మెమొరీ ఖాళీ కాదు, ప్రోగ్రాములు ఆగవు.

మరి చురుకైనట్లు తోచుట ఎందువలన? యంత్రము వేసిన పిమ్మట తెర కనబడినను, లోపల అనేక ప్రోగ్రాములు ఇంకను ప్రారంభమగుచునే యుండును. విద్యార్థి మీట నొక్కుచున్నంత సేపు ఆ పనులు పూర్తియగును. మేలు చేసినది నిరీక్షణము. పేరు మీటకు వచ్చినది. తనంతట తగ్గు జలుబునకు కషాయము కారణమని చెప్పుటకును దీనికిని భేదము లేదు. ఉపాధ్యాయులు దీనిని ఒక పాఠముగా మలచవచ్చును. ఒకే రకపు రెండు యంత్రములను ఒకేసారి ప్రారంభించి, ఒకదానిపై మీట నొక్కించి, రెండవదానిని ముట్టకుండ ఉంచి, ఒక ప్రోగ్రాము తెరచుకొనుటకు పట్టు కాలమును గడియారముతో కొలిపింపవలెను. తరువాత యంత్రములను మార్చి మరల కొలిపింపవలెను. నియంత్రిత ప్రయోగమనగా నేమో విద్యార్థికి ఇంతకంటె చౌకగా బోధపడదు.

‘ప్రీఫెచ్ సంచిని ఖాళీ చేయండి’

2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చిన నాటి నుండి ఈ చిట్కా వాడుకలోనున్నది. ‘ప్రీఫెచ్’ అను సంచిలో సిస్టము కొన్ని గుర్తులు వ్రాసికొనును. ఏ ప్రోగ్రాము మొదలగునప్పుడు డిస్కుపై ఏ భాగములు కావలసివచ్చెనో ఆ గుర్తులు తెలుపును. మరుసటిసారి ఆ భాగములను ముందుగానే తెచ్చి సిద్ధముగా నుంచును. ఈ గుర్తులను చెరిపివేసినచో ప్రోగ్రాము మరల మొదలగుటకు మునుపటికంటె ఆలస్యమగును. వంటయింటిలో సామాను ఎక్కడెక్కడ నున్నదో వ్రాసికొన్న చీటీని చింపి, ‘చెత్త తగ్గినది’ అని సంతోషించుట వంటిది ఇది. పైగా ఎక్స్‌పిలో ఈ గుర్తుల సంఖ్య 128కి మించకుండ సిస్టమే చూచుకొనెడిది.

దీనితో పాటు చెప్పబడు ‘టెంప్’ సంచిని ఖాళీ చేయు చిట్కా వేరు. అందులోనివి తాత్కాలిక ఫైళ్ళు. వాటిని తీసివేసినచో డిస్కుపై చోటు మిగులును. డిస్కు దాదాపు నిండియున్న యంత్రమునకు ఇది నిజమైన ఉపకారము. చోటు చాలినంత యున్న యంత్రమునకు వేగము విషయములో దీనివలన ఒరుగునది స్వల్పము. తెరచియున్న ప్రోగ్రాములను ముందుగా మూసివేయవలెనని, ఏదైన క్రొత్త ప్రోగ్రామును స్థాపించుచున్న సమయములో ఈ పని చేయరాదని చెప్పుట అవసరము. రెండు సంచులను ఒకే వాక్యములో కలిపి ‘అన్నియు తుడిచివేయండి’ అని వ్రాయుట కారణము తెలియకపోవుట వలన వచ్చిన దోషము.

పాత మందు, క్రొత్త శరీరము

ఒకప్పుడు సత్యమై, పిదప అసత్యమైన చిట్కాకు ‘డీఫ్రాగ్మెంట్’ ఉదాహరణము. పాత హార్డ్ డిస్కులో పళ్ళెము తిరుగును. చదువు చేయి దానిపై జరుగును. నిమిషమునకు 7,200 సార్లు తిరుగు డిస్కు ఒక చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకనులు తీసికొనును. ఒక ఫైలు ముక్కలు ముక్కలుగా పడియున్నచో ప్రతి ముక్కకును చేయి జరుగవలెను, పళ్ళెము తిరుగవలెను. ముక్కలను ఒకచోట చేర్చినచో ఈ కాలము మిగులును. కనుక ఆ డిస్కునకు ఈ చిట్కా యోగ్యమైనది.

ఇప్పటి ఎస్ఎస్‌డిలో తిరుగు పళ్ళెము లేదు, కదలు చేయి లేదు. ముక్క ఎక్కడ నున్నను అందుకొనుటకు పట్టు కాలము ఇంచుమించు ఒకటే. అందులోని కణములు వ్రాతలను పరిమిత సంఖ్యలో మాత్రమే సహింపగలవు. ముక్కలను అటునిటు జరుపుట వలన లాభము లేకపోగా వ్రాతలు వృథాగా ఖర్చగును. 2009 నాటి విండోస్ 7 నుండి సిస్టమే డిస్కు రకమును గుర్తించి తగిన విధముగా ప్రవర్తించుచున్నది. అయినను పాత చిట్కా క్రొత్త వీడియోలలో తిరుగుచునే యున్నది. చిట్కాకు పుట్టిన సంవత్సరము, వర్తించు సంచిక వ్రాయవలెననుటకు ఇదియే హేతువు.

ఎలుగుబంటి పిల్ల కథ

అపకారము చేయు చిట్కాలలో 2002 నాటి ఒక వ్యవహారము ప్రపంచ ప్రసిద్ధము. ‘మీ విండోస్ సంచిలో జెడిబిజిఎంజిఆర్ అను ఫైలున్నదేమో వెదకండి. దానికి ఎలుగుబంటి పిల్ల బొమ్మ యుండును. అది వైరసు, 14 దినములు నిదురించి పిదప యంత్రమును చెరచును. వైరసు నివారణ ప్రోగ్రాములు దీనిని కనుగొనలేవు. వెంటనే తుడిచివేసి, మీకు తెలిసినవారందరకును తెలుపండి’ అను భావముతో నొక లేఖ ఈమెయిలులో దేశదేశములు తిరిగినది. వెదకినవారికి ఫైలు కనబడెను, బొమ్మయు కనబడెను. అనేకులు తుడిచివేసిరి. నిజమునకది విండోసుతో పాటు వచ్చిన ఫైలే; జావా ప్రోగ్రాములలో తప్పులు వెదకుటకు ఉద్దేశింపబడినది. సామాన్యులకు దాని అవసరము తక్కువ గనుక పెద్ద నష్టము కలుగలేదు.

ఇందులోని తర్కదోషమును విద్యార్థులచే చెప్పింపవచ్చును. ‘వైరసు నివారణ ప్రోగ్రామునకు చిక్కదు’ అనుట దాని భయంకరత్వమునకు నిదర్శనముగా చూపబడినది. అది వైరసు కాకపోయినను చిక్కదు గదా! ఏ సాక్ష్యము రెండు పక్షములకును సమానముగా సరిపోవునో అది సాక్ష్యము కాదు. ‘అందరకును పంపండి’ అను చిట్కాను పంపుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనుట అలవాటుగా చేసికొనవలెను. లినక్స్ నేర్చుకొను క్రొత్తవారికి సైతము, డిస్కుపైనున్న సర్వమును చెరపు ఆజ్ఞను చిట్కాగా చెప్పి పరిహాసమాడు దుష్టులు లేకపోలేదు. అర్థము తెలియని ఆజ్ఞను యంత్రమునకు ఈయరాదు.

తెలుగు అక్షరముపై నింద

2018 ఫిబ్రవరిలో తెలుగువారికి ఆశ్చర్యము కలిగించిన సంఘటన జరిగినది. ‘జ్ఞా’ వలె కనబడు ఒక తెలుగు అక్షరము తెరపైకి వచ్చినచో యాపిల్ సంస్థ వారి ఫోనులలోను, మ్యాక్ కంప్యూటర్లలోను ఆ ప్రోగ్రాము మూతపడసాగినది. ‘తెలుగు అక్షరము ఫోనును చంపుచున్నది’ అను ధోరణిలో దేశవిదేశములలో వార్తలు వెలువడినవి. తెలుగు అక్షరమునకు దూరముగా నుండుటయే ఉపాయమనునట్లు తోచినది.

కారణము విచారించినప్పుడు వేరొక సంగతి తేలినది. మామూలుగా ‘విజ్ఞానము’ అని వ్రాసినచో ఏ ప్రమాదమును లేదు. జ, పొల్లు, ఞ అను వాని తరువాత, అక్షరములు కలియకుండ ఆపు ఒక కనపడని గుర్తు వచ్చి, దాని పిమ్మట దీర్ఘపు గుర్తు వచ్చినప్పుడు మాత్రమే చిక్కు. ఆ వరుసను చిత్రించుటలో సిస్టములోని అక్షర విన్యాస భాగము తప్పటడుగు వేసినది. బెంగాలీ మొదలగు మరికొన్ని లిపుల వరుసలకును ఇట్టి చిక్కే కలిగినది. దోషము లిపిది కాదు, దానిని చిత్రించు ప్రోగ్రాముది. 2018 ఫిబ్రవరి 19న సవరణ విడుదలైనది. ‘సిస్టమును నవీకరింపుడు’ అనునదే ఇక్కడ యోగ్యమైన చిట్కా. లక్షణము వద్దనే ఆగినవారు భాషను నిందించిరి. కారణము వరకు పోయినవారు ప్రోగ్రామును దిద్దిరి.

పల్లె పాఠశాలకు పనికివచ్చునవి

ప్రచారము తక్కువైనను ఉత్తరాంధ్ర పాఠశాలలకు మిక్కిలి ఉపయోగపడు చిట్కాలు రెండు కలవు. వేసవి సెలవులలో కంప్యూటరు గదికి విద్యుత్తు ఆపివేయుదురు. ఆ దినములలో యంత్రములోని గడియారము నడచునది మూల ఫలకముపైనున్న చిన్న బిళ్ళ బ్యాటరీతో. సాధారణముగా ఇది సిఆర్2032 రకము, 3 వోల్టులది. అది క్షీణించినచో జూన్‌లో యంత్రము వేయగానే తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోయియుండును. అప్పుడు వెబ్‌సైటులన్నియు ‘సురక్షితము కాదు’ అని తెర తెలుపును. వెబ్‌సైటుల గుర్తింపు పత్రములకు ఆరంభ, అంత్య తేదీలుండును గనుక, వెనుకబడిన గడియారమునకు ఆ పత్రము ఇంకను అమలులోనికి రానిదిగా తోచును. ఇట్టి యంత్రమునకు సిస్టమును తుడిచి మరల స్థాపించువారు కలరు. కావలసినది తేదీని సరిచేయుట, బిళ్ళను మార్చుట.

రెండవది విద్యుత్తు విషయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరమును తాకినప్పుడు విద్యుత్తు స్తంభములు కూలి ఊళ్ళు చీకటిలో మునిగినవి. తుఫాను లేని దినములలోను హఠాత్తుగా విద్యుత్తు పోవుట కలదు. విండోస్ వాడు ఎన్‌టిఎఫ్‌ఎస్ అను ఫైళ్ళ ఏర్పాటు, తాను చేయబోవు మార్పులను ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనును. విద్యుత్తు తిరిగి వచ్చిన పిమ్మట ఆ చిట్టాను చూచి ఫైళ్ళ పట్టికను చక్కబరచుకొనును. కాని విద్యార్థి వ్రాసి భద్రపరచని పుటను ఆ చిట్టా రక్షింపలేదు. కనుక పేరాకొకసారి కంట్రోల్, ఎస్ మీటలు నొక్కుట నిజమైన చిట్కా. యంత్రము లేచునప్పుడు డిస్కును పరీక్షించెదనని తెరపై తెలిపినచో, ‘ఏదో ఒక మీట నొక్కి తప్పించుకొనుడు’ అను చిట్కా పాటింపదగదు. ఆ పరీక్ష వైద్యుడు నాడి చూచుట వంటిది; తొందర పడరాదు.

భాషను గూర్చి ఒక మాట

ఈ చిట్కాల భాషలో ఇంగ్లీషు మాటలు మెండుగా నున్నవని కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ పూర్తిగా న్యాయము కాదు. తెరపై ‘సెట్టింగ్స్’ అని యున్నప్పుడు పుస్తకములో ‘అమరికలు’ అని మాత్రమే వ్రాసినచో చదువరి దానిని కనుగొనలేడు. తెరమీది మాటను ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే మేలు. అసలు లోపము వేరొకచోట నున్నది. ‘దీనిలోనికి పోయి, దానిని నొక్కి, మరొకదానిని తీసివేసి’ అని క్రియలు వరుసగా సాగును గాని, ‘ఏలననగా’ అను మాట ఎక్కడను రాదు. తెలుగునకు కావలసినది మాటల మార్పిడి కాదు, ఆ ‘ఏలననగా’.

ఇప్పుడీ ప్రశ్నకు ప్రాముఖ్యము హెచ్చినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు టిపిఎం 2.0 అను భద్రతా భాగము అనేక పాత యంత్రములలో లేదు. ఆ పరీక్షను తప్పించి విండోస్ 11ను ఎక్కించు చిట్కాలు విరివిగా వ్యాపించినవి. అట్టి యంత్రములకు నవీకరణములు తప్పక వచ్చునను హామీ లేదని ఆ చిట్కాలలో అన్నియు చెప్పవు. పాత యంత్రముపై లినక్స్ నడపుట వేరొక మార్గము; కేరళలో ప్రభుత్వ పాఠశాలలు చిరకాలముగా ఆ మార్గమున నున్నవి. ఏ మార్గము తొక్కినను లాభనష్టములు తెలిసి తొక్కవలెను. ముందుగా ఫైళ్ళకు నకలు తీసి వేరొకచోట భద్రపరచుట మరువరాదు.

కంప్యూటరు గదిలో ఒక నోటు పుస్తకముంచుట అన్ని చిట్కాలకంటె విలువైన చిట్కా. తేదీ, యంత్రము సంఖ్య, తెరపై కనబడిన సందేశము అక్షరము తప్పకుండ, మార్చిన ఒక్క అంశము, కలిగిన ఫలితము, ఈ అయిదింటిని విద్యార్థులచే వ్రాయింపవలెను. ఒక సంవత్సరము గడచుసరికి ఆ పాఠశాలకు తన యంత్రములను గూర్చి తనదైన చిట్కాల గ్రంథము సిద్ధమగును. అందులో పనిచేయనివి కూడ నమోదైయుండును గనుక, అచ్చులో దొరకు వానికంటె అది నమ్మదగినది.